పగోడాల వెనుక ఉన్న నేల గురించి కూడా చెప్పాల్సింది

ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతానికి చెందిన కోస్ దెస్తూర్నెల్ అనే వైన్ ఎస్టేట్‌పై నేను చదివిన వ్యాసంలో సగం దాని పగోడా గోపురాలకూ, భారతదేశానికి సాగిన ఎగుమతులకూ సరిపోయింది. ఆ కథ ఆసక్తికరమే. కానీ అప్పుల పాలై 1852లో ఎస్టేట్‌ను అమ్ముకుని, మరుసటి ఏడాదే కన్నుమూసిన స్థాపకుడు లూయీ గాస్పార్ దెస్తూర్నెల్, బోర్డో వైన్ ఎస్టేట్లకు శ్రేణులిచ్చిన 1855 వర్గీకరణలో దానికి రెండో శ్రేణి దక్కడాన్ని చూడలేకపోయారన్న సంగతి అందులో లేదు.

అసలు ఈ వైన్ దశాబ్దాలు నిలవడానికి మూలం నేలలో ఉంది. చిన్న వాగుకు అవతల షాతో లాఫిట్ అనే పేరున్న వైన్ ఎస్టేట్ ద్రాక్షతోటలుండగా, ఇవతల ఈ గులకరాళ్ల మిట్ట మీద వాన నీరు నిలవదు కాబట్టి, ఆలస్యంగా పండే కాబెర్నే సోవిన్యోన్ అనే ద్రాక్ష రకం ఇక్కడ బాగా పక్వమవుతుంది. దాని మందపాటి తొక్కలోని టానిన్లు అనే వగరు పదార్థాల వల్ల కొత్త వైన్ పచ్చి వెలగకాయలా వగరుగా ఉంటుంది. మెర్లో అనే మరో ద్రాక్ష రకం వైన్ కలపడం వల్ల కొంత మెత్తబడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ టానిన్లు రంగు పదార్థాలతో కలిసి కొంత మడ్డిగా అడుగుకు దిగి, వగరు తగ్గుతుంది. అందుకే పాత సీసాను ఒక రోజు నిలబెట్టి ఉంచి, మడ్డి కదలకుండా మెల్లగా వేరే పాత్రలోకి వంచుకోవాలి. కొన్న వెంటనే తాగమన్న వ్యాసకర్త సలహా ఈ వైన్‌కు మాత్రం నప్పదని నా అభిప్రాయం.