తూటాకు పెట్టెలోనే అసలు పరీక్ష

తూటా పేలడానికి రెప్పపాటు కాలం కూడా పట్టదు. అంతకుముందు అది ఏళ్ల తరబడి పెట్టెలో పడి ఉంటుంది. తూటా గుల్లకు, అంటే మందును నింపి ముందు బుల్లెట్‌ను బిగించే తొడుగుకు, ఏ లోహం మంచిదనే చర్చంతా పేలే ఆ క్షణం చుట్టూనే తిరుగుతోంది. పెట్టెలో గడిచే ఏళ్లకూ అంతే విలువ ఇవ్వాలన్నది నా వాదన. అందుకు సాక్ష్యం మన దేశంలోనే ఉంది.

బ్రిటిష్ హయాంలో ఇక్కడి సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో దాచేది. వానలు వెలిశాక చూస్తే ఇత్తడి గుల్లలు పగిలి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియానే దానికి కారణం. ఇత్తడి బిళ్లను అచ్చుల్లో సాగదీసి గుల్లగా మారుస్తారు. అలా సాగదీసినప్పుడు లోహంలో బిగువు మిగిలిపోతుంది. బుల్లెట్‌ను పట్టి ఉంచే మెడ దగ్గర ఆ బిగువు మరీ ఎక్కువ. తేమతో పాటు అమ్మోనియా తగిలితే ఇత్తడి సరిగ్గా అక్కడే చీలుతుంది. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే బ్రిటన్ పరిశోధకులు ఈ సంగతిని వివరించారు. గుల్లను తగినంత వేడి చేసి బిగువు తీసేయడమే దీనికి విరుగుడు. నేటికీ చాలా సైనిక తూటాల మెడ దగ్గర నీలి, గోధుమ రంగు చార కనిపిస్తుంది. చూసినవాళ్లు మరక అనుకుంటారు కానీ, అది ఆ వేడి వదిలిన గుర్తు.

ఇంత జరిగినా ఇత్తడిని వదల్లేదంటే దాని గుణం అలాంటిది. 70 పాళ్ల రాగి, 30 పాళ్ల జింక్ కలిసిన ఈ ఇత్తడి పేలుడు ఒత్తిడికి ఉబ్బి తుపాకీ గొట్టానికి అతుక్కుంటుంది, వాయువు వెనక్కి తన్నకుండా ఆపుతుంది. మరుక్షణం కాస్త కుదించుకుని తేలిగ్గా బయటికి వస్తుంది. వస్తూ వస్తూ కొంత వేడిని కూడా మోసుకుపోతుంది.

చిక్కల్లా రాగితోనే. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ రాగి కొరత వల్ల జర్మనీ ఉక్కు గుల్లల వైపు మళ్లింది. అమెరికా 1943లో రాగిని మిగుల్చుకోవడానికి ఒక సెంటు నాణేన్ని కూడా ఉక్కుతో ముద్రించింది. సోవియట్ యూనియన్ మాత్రం యుద్ధం ముగిశాక కూడా ఉక్కునే నమ్ముకుంది. ఉక్కు చవక, కానీ ఇత్తడిలా సులువుగా గొట్టాన్ని వదలదు. ఏకే-47 తూటా కొనవైపు సన్నబడుతూ ఉంటుంది కాబట్టి ఆ ఇబ్బంది చాలావరకు తగ్గింది. ఇక తుప్పు సంగతి చూస్తే, గుల్లకు లక్క లాంటి పూత వేశారు. ఆపైన తూటాలను గాలి చొరబడని రేకు డబ్బాల్లో సీలు చేశారు. ఆ డబ్బాను కట్టర్‌తో కోసి తెరవాల్సిందే. అంటే డబ్బా కూడా తూటా డిజైన్‌లో భాగమే. నాకు బాగా నచ్చిన ఆలోచన ఇదే.

అల్యూమినియం బరువు ఇత్తడిలో మూడో వంతే. అందుకే అమెరికా ఏ-10 యుద్ధవిమానం ఫిరంగి పేల్చే 30 మిల్లీమీటర్ల తూటాలకు దాన్ని వాడారు. అయితే గుల్ల ఎక్కడైనా చీలితే వేడి వాయువు అల్యూమినియాన్ని కరిగించి తుపాకీని పాడుచేసే ప్రమాదం ఉంటుంది.

విశాఖలాంటి తీరంలో ఉప్పుగాలి, వానాకాలపు తేమ రెండూ ఉంటాయి. అలాంటి చోట పెట్టె మూతకున్న రబ్బరు పట్టీ ఎండి పగిలితే లోపలి లోహం ఎంత మంచిదైనా తేమ దాని దాకా చేరుతుంది. అందుకే మన సైన్యం తూటా కొనేటప్పుడు ఫైరింగ్ రేంజ్ ఫలితాలతోనే సరిపెట్టుకోకూడదు. రెండు మూడు వానాకాలాలు అదే పెట్టెలో ఉంచి, ఆ తర్వాత తీసి పేల్చి చూడాలి.