ల్యాప్‌టాప్ ఇచ్చేశాం... మరి మన కాగితాలు?

పొద్దున్నే మేనేజర్ పెట్టిన కాల్‌లో హెచ్‌ఆర్ కూడా కనిపిస్తే చాలు, ఐటీ ఉద్యోగికి సంగతి అర్థమైపోతుంది. కాల్ ముగిసేసరికి మెయిల్ తెరుచుకోదు. 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని తీసేసినప్పుడు అమెరికాలో కొందరికి లాగిన్ అవ్వకపోతేనే విషయం తెలిసింది. అందుకే ‘ల్యాప్‌టాప్ ఇచ్చేముందు మీ ఫైళ్లు తీసుకోండి’ అనే సలహా పెద్దగా అక్కరకు రాదు. ఆ ‘ముందు’ మన చేతిలో ఉండదు.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో డెస్క్‌టాప్ ఒక్కసారి చూసుకోండి. ఆధార్ స్కాన్, పాప స్కూలు ఫీజు రసీదు, ఇంటి లోన్ కాగితాలు, మూడు రకాల రెజ్యూమెలు. క్రోమ్‌లో సొంత జీమెయిల్‌తో సింక్ ఆన్ చేస్తే దాచుకున్న పాస్‌వర్డ్‌లు కూడా అందులోకి దిగుతాయి. ఇంట్లో వేరే కంప్యూటర్ ఉండదు, ఉన్నా అది పిల్లలది. తప్పు పట్టలేం.

కోపంలో అన్నీ డిలీట్ కొట్టి ఫార్మాట్ చేసేవాళ్లూ ఉన్నారు. దానివల్ల ఒరిగేది తక్కువ. చాలా కంపెనీల్లో డెస్క్‌టాప్ ఫోల్డర్ మైక్రోసాఫ్ట్ వారి ఆన్‌లైన్ స్టోరేజీ వన్‌డ్రైవ్‌కి బ్యాకప్ అవుతుంటుంది. అక్కడ చెరిపిన ఫైలు మామూలుగా 93 రోజులు రీసైకిల్ బిన్‌లోనే ఉంటుంది. పైగా కంపెనీ ఫైళ్లను అనుమతి లేకుండా చెరిపితే 2000 నాటి ఐటీ చట్టం సెక్షన్ 43 కింద పరిహారం కట్టాల్సి రావచ్చు. దురుద్దేశం రుజువైతే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు. కంపెనీ కోడ్, మెయిళ్ల జోలికి పోకండి. వాటిని సొంత మెయిల్‌కి పంపుకోవడం ఇంకా ప్రమాదం.

లాక్ పడ్డాక చేయగలిగింది ఫోన్ నుంచే. గూగుల్ ఖాతాలో ఆ ల్యాప్‌టాప్‌ని సైన్ అవుట్ చేయాలి, వాట్సాప్ లింక్డ్ డివైసెస్‌లోంచి తీసేయాలి, బ్యాంకు పాస్‌వర్డ్ మార్చాలి. పే స్లిప్పులు, ఫామ్ 16 మాత్రం ఉద్యోగం ఉన్నప్పుడే ఇంటికి చేరాలి. అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న మనవాళ్లకైతే ఇది మరీ టెన్షన్. కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. వీసా బదిలీకి కావాల్సిన పే స్టబ్‌లు (అక్కడి పే స్లిప్పులు) లాక్ అయిన మెషీన్‌లో ఉంటే ఎవర్ని అడుగుతారు?

2023 డేటా రక్షణ చట్టం కూడా ఉద్యోగ అవసరాలకు, కంపెనీకి నష్టం రాకుండా చూసుకోవడానికి సమ్మతి లేకుండానే ఉద్యోగి సమాచారం వాడుకోనిస్తుంది. డేటా బయటికి పోతుందన్న కంపెనీ భయం నాకు అర్థమవుతుంది. కానీ నిన్నటిదాకా క్లయింటు డేటా మొత్తం అప్పగించిన మనిషికి, ఐటీ వాళ్లను పక్కన కూర్చోబెట్టి సొంత ఫైళ్లు తీసుకోవడానికి ఒక్క గంట ఇస్తే ఏం పోతుంది?

నా మిత్రుడొకడు ఫోల్డర్ పేరుతో సహా రాసి హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాడు. పదకొండు రోజులకు ఫైళ్లు వచ్చాయి. అందులో వాళ్లమ్మ మెడికల్ రిపోర్టులున్నాయి. కంపెనీ ఇన్సూరెన్స్ మాత్రం అప్పటికే ఆగిపోయింది.