వెనక్కి రాలేని యంత్రానికి ముందు చూపు కావాలి

శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న ఏం జరిగిందో తెలిసిందే. 14వ కిలోమీటరు దగ్గర పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. రెండు మృతదేహాలే దొరికాయి. ఆ తర్వాత చర్చంతా సొరంగం తొలిచే యంత్రం (టీబీఎం) మంచిదా, మందుగుండుతో పేల్చడం (బ్లాస్టింగ్) మంచిదా అన్నదాని చుట్టే తిరిగింది. యంత్రాన్ని తప్పుపట్టి లాభం లేదు. ఎదురుగా ఏముందో చూడకుండా, ఆగిపోతే చేరుకోవడానికి ఇంకో దారి లేకుండా దాన్ని కొండలోకి పంపడమే అసలు తప్పు.

డబుల్ షీల్డ్ (రెండు ఉక్కు కవచాల) టీబీఎం పని చేసే తీరు చూస్తే ఈ మాట అర్థమవుతుంది. గ్రిప్పర్లు పక్కనున్న రాతిని అదిమి పట్టుకుంటాయి, ఆ ఆసరాతో ముందున్న కోత చక్రం, అంటే కట్టర్‌హెడ్, ముందుకు తొలుస్తుంది. అదే సమయంలో తోక భాగంలో కాంక్రీట్ సెగ్మెంట్లను రింగుగా బిగిస్తారు. రింగుకీ రాతికీ మధ్య ఖాళీలో సన్న కంకర, గ్రౌట్ (పల్చటి సిమెంట్ ముద్ద) నింపుతారు. 10 మీటర్ల వ్యాసంతో తవ్విన చోట లైనింగ్ పడ్డాక మిగిలేది 9.2 మీటర్లు. వచ్చిన దారిన షీల్డ్ వెనక్కి రావడం ఇక కుదరదు. గట్టి రాయి ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. నలిగిన రాయి, నీటి ఊట కలిసి తగిలాయా, గ్రిప్పర్లకు పట్టు చిక్కదు, కట్టర్‌హెడ్ బిగుసుకుపోతుంది, బురద మీదికి దిగుతుంది.

దీనికి విరుగుడు ప్రోబ్ డ్రిల్లింగ్. షీల్డ్‌లో వదిలిన రంధ్రాల గుండా 30, 40 మీటర్లు ముందుకు డ్రిల్ చేసి చూడాలి. రాడ్ ఉన్నట్టుండి సులువుగా దిగినా, వచ్చే నీళ్ల రంగు మారినా, ఊట పెరిగినా అక్కడే ఆగి గ్రౌటింగ్ చేయాలి. అంతసేపూ తవ్వకం ఆగుతుంది. మీటర్ల లెక్కన బిల్లు వచ్చే పనిలో ఆగినందుకు డబ్బు ఎవరిస్తారు?

అమెరికాలోని సియాటిల్‌లో 17.5 మీటర్ల వ్యాసమున్న 'బెర్తా' అనే టీబీఎం 2013 డిసెంబర్‌లో ఆగిపోయింది. మెయిన్ బేరింగ్ సీళ్లు దెబ్బతిన్నాయి. నేల మీద నుంచి 36 మీటర్ల గొయ్యి తవ్వి, సుమారు 2,000 టన్నుల ముందు భాగాన్ని పైకి లేపి బాగుచేశారు. మళ్లీ కదలడానికి రెండేళ్లు పట్టింది. అయినా అక్కడ పైనుంచి చేరుకోగలిగారు. నల్లమలలో మన సొరంగం వందల మీటర్ల లోతున ఉంది, పైనుంచి గొయ్యి అన్న మాటే లేదు.

పులుల అభయారణ్యంలో మధ్యలో అడిట్లు (పక్క నుంచి సొరంగంలోకి దారులు) తవ్వనివ్వరని, అందుకే టీబీఎం తప్ప దారి లేదని అధికారులు అంటూ వచ్చారు. అడ్డంకి నిజమే. కానీ అడిట్ లేని చోట ముందస్తు పరీక్ష రెట్టింపు కావాలి, తగ్గకూడదు. 57 కిలోమీటర్ల గోథార్డ్ రైలు సొరంగాన్ని స్విస్ ఇంజనీర్లు ఐదు భాగాలుగా విడగొట్టారు. సెడ్రున్‌లో 800 మీటర్ల నిలువు బావి దించి, అక్కడి కష్టమైన రాతిని బ్లాస్టింగ్‌తో తవ్వారు. మన వెలిగొండ ప్రాజెక్టు రెండో సొరంగంలోనూ టీబీఎం మొరాయించాక మిగతాది బ్లాస్టింగ్‌తోనే పూర్తి చేశారు.

మన సాగునీటి ప్రాజెక్టుల జబ్బు కూడా ఇదే. యంత్రానికి, కాంక్రీటుకు కోట్లు క్షణాల్లో మంజూరవుతాయి. కింద నేల ఎలా ఉందో తెలుసుకోవడానికి పెట్టే ఖర్చు దగ్గరే చేతులు ముడుచుకుంటాయి. ఎస్‌ఎల్‌బీసీ ఒప్పందం 2005లో కుదిరితే, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) హెలికాప్టర్ సర్వే మొదలైంది 2025లో. ఇక మీదట సొరంగం టెండర్‌లో ప్రోబ్ డ్రిల్లింగ్‌కూ గ్రౌటింగ్‌కూ విడి రేట్లు ఉండాలి, ఆగిన గంటలకూ చెల్లించాలి. తవ్వకం ఆపమనే అధికారం సైట్‌లోని జియాలజిస్టుకు రాతపూర్వకంగా ఇవ్వాలి.