"5 నిమిషాల్లో టైరు మార్చేయండి" మెసేజ్‌ని నమ్మి రోడ్డు మీద కూర్చోకండి

టైరు పంక్చరైతే ఎవరి కోసమూ ఎదురు చూడక్కర్లేదు, 5 నిమిషాల్లో మీరే మార్చుకోవచ్చు అని ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, మా ఇంట్లోనే ముగ్గురు నాకు పంపారు. మనమే మార్చుకోవచ్చు అన్నంతవరకు నిజమే, నేనూ మార్చుకుంటాను. కానీ లోపల చెప్పిన పద్ధతి చదివితే రాసినాయన ఎవరో మారుస్తుంటే పక్కన నిలబడి చూశాడే గానీ తను ఎప్పుడూ చెయ్యి పెట్టినట్టు లేడు. ఒక్కొక్కటీ చూద్దాం.

"గాలి దిగిందని తెలియగానే ఎక్కడున్నారో అక్కడే ఆపండి, నాలుగు అడుగులు కదిలినా టైరు పోతుంది."

పోతే పోనీండి. గాలి లేకుండా నడిపితే టైరు పక్క గోడ నలిగిపోతుంది, నిజమే, రింగు కూడా దెబ్బతినొచ్చు. అయినా సరే మలుపులోనో, వాలు మీదో, లారీలు రాసుకుంటూ పోయే చోటో ఆగకూడదు. బ్రేకు గట్టిగా తొక్కకుండా, ఇండికేటర్లు అన్నీ వేసి, పాక్కుంటూ పోయినట్టు గట్టి నేల, చదునైన జాగా ఉన్నచోటికి వెళ్లి ఆగాలి. అలాంటి చోటు దొరకలేదు, దిగిన టైరు చూస్తే ట్రాఫిక్ వైపే ఉంది అనుకోండి, అసలు మార్చే పని పెట్టుకోవద్దు, అందర్నీ దింపి రోడ్డుకి దూరంగా నిలబెట్టి ఫోన్ చేసి సాయం పిలవడమే.

"ట్రయాంగిల్‌ని డిక్కీ వెనకాల పెట్టండి."

ట్రయాంగిల్ అంటే వెనక వచ్చేవాళ్లకి హెచ్చరికగా రోడ్డు మీద పెట్టే మూడు మూలల ఎర్ర బోర్డు. డిక్కీ వెనకాల పెడితే అది కనపడేసరికి కారు కూడా కనపడుతుంది కదా, ఇంకెందుకది? 80 స్పీడులో వచ్చే బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది, డ్రైవర్ చూసి బ్రేకు మీద కాలు వేసేసరికే ఒక సెకను అయిపోతుంది, ఆ తర్వాత ఆగడానికి పొడి రోడ్డు మీదైనా ఇంకో 35 మీటర్ల దాకా కావాలి. కాబట్టి కనీసం 60 మీటర్ల వెనక్కి, అంటే ఓ 80 అంగలు నడిచి పెట్టాలి. పెద్ద రోడ్డయితే ఇంకా దూరం.

"హ్యాండ్‌బ్రేక్ లాగితే చాలు, బండి కదలదు."

అన్నిట్లోకీ నాకు భయం వేసింది ఈ మాటకే. చాలా చిన్న కార్లలో ఇంజను తిప్పేది ముందు చక్రాల్ని, హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాల్ని. వెనక టైరు ఎత్తారంటే హ్యాండ్‌బ్రేక్ చేతిలో మిగిలేది ఒకే ఒక్క చక్రం, అక్కడ గేరు తోడుండాలి. అదే ముందు టైరు ఎత్తారంటే గేరు వల్ల దాదాపు ఉపయోగం లేదు, ఎందుకంటే రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల అమరిక మధ్యలో ఉంటుంది కాబట్టి గాల్లో ఉన్న చక్రం ఊరికే తిరుగుతూ నేల మీదున్న దాని జోడీని దొర్లనిచ్చేస్తుంది, ఆటోమేటిక్ బండిని పి (పార్కింగ్) లో పెట్టినా ఇదే కథ. కాబట్టి హ్యాండ్‌బ్రేకూ కావాలి, గేరూ కావాలి, ఆ రెండూ చాలవు కాబట్టి ఎత్తే టైరుకి ఐమూలగా ఉన్న చక్రానికి ముందొక రాయి, వెనకొక రాయి కూడా కావాలి. కారుతో వచ్చే జాకీ కాలు అరచెయ్యంత ఉంటుంది, పైన బండి కొంచెం జరిగితే చాలు, పక్కకి ఒరిగిపోతుంది.

"జాకీతో ఎత్తి, నట్లు విప్పండి."

వరస తిరగేసి రాశారు. నేను మొదటిసారి సరిగ్గా ఇలాగే చేశాను, స్పానర్ తిప్పుతుంటే నట్టుతో పాటు చక్రం మొత్తం తిరిగింది, బలం పెట్టి గుంజితే కారు జాకీ మీద ఊగింది, ఆ ఊపు చూశాక స్పానర్ అక్కడ పడేసి రెండు గజాలు వెనక్కి వెళ్లి నిలబడ్డాను. టైరు నేల మీద ఉండగానే నట్లన్నీ అర చుట్టు వదులు చేసుకోవాలి, పూర్తిగా తియ్యకూడదు, అప్పుడు జాకీ. జాకీ పెట్టే చోటు ముందు చక్రానికి వెనక, వెనక చక్రానికి ముందు, తలుపు కింది అంచులో చిన్న గంటుల మధ్య ఉంటుంది, మాన్యువల్‌లో బొమ్మ కూడా ఉంటుంది. మట్టి నేలైతే కింద చెక్కముక్క వెయ్యండి. బండి లేచాక దాని కింద చెయ్యి గానీ కాలు గానీ పెట్టొద్దు, స్టెప్నీని మాత్రం అడ్డంగా కారు కిందికి తొయ్యండి, జాకీ జారినా బండి దాని మీద పడుతుంది. ఆ మెసేజ్‌లో ఈ ముక్కే లేదు.

"నట్లకి గ్రీజు రాసి, స్పానర్ మీద ఎక్కి తొక్కి బిగించండి."

తిప్పే బలాన్ని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు, చాలా కార్లకి నట్టు బిగింపు 100 న్యూటన్ మీటర్లకి అటూ ఇటూ ఉంటుంది. 70 కిలోల మనిషి 30 సెంటీమీటర్ల స్పానర్ చివర ఎక్కి నిలబడితే 200 దాటుతుంది, రెట్టింపు. దానికి గ్రీజు కూడా తోడైతే రాపిడి తగ్గి ఆ బలమంతా బోల్టుని సాగదీయడానికే పోతుంది. విప్పడానికి కాలితో నొక్కండి, తప్పులేదు, బిగించేటప్పుడు మాత్రం చేత్తోనే. ఏటవాలు ముఖం రింగు వైపు ఉండేలా నట్లు వేళ్లతో ఎక్కించి, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, బండి కిందికి దించాకే గట్టిగా బిగించాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూసుకోవాలి.

"స్టెప్నీ వేశాక ఇక దిగులు లేదు, కొత్త టైరు కొనేదాకా తిరగొచ్చు."

మిగతా టైర్ల సైజే అయితే సరే. చాలా కార్లలో ఇప్పుడు వచ్చేది సన్నటి స్టెప్నీ, దాని మీదే 80 దాటొద్దని రాసి ఉంటుంది, పంక్చర్ షాపు దాకా వెళ్లడానికే అది. ఆ సన్న స్టెప్నీకి గాలి 60 పీఎస్ఐ దాకా కావాలి, మామూలు టైర్ల దాదాపు రెట్టింపు. గాలి కొట్టించేటప్పుడు డిక్కీ తెరిచి దానిక్కూడా పట్టమని అడిగేవాళ్లని నేనైతే పెద్దగా చూడలేదు, ఆ మెసేజ్ రాసినాయనకి కూడా ఆ సంగతి గుర్తు రాలేదు.