సూర్యుడికి నాలా అయిందా?

మా బావమరిది దొడ్లో ఆరు సోలార్ పలకలు నేల మీద నిలబెట్టాడు. నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలానికి ఇంతకన్నా పెద్ద విపత్తులు తుపాన్ల రూపంలోనే వచ్చాయి కాబట్టి ఊరి పెద్దలం ఆలస్యం చేయకుండా వేపచెట్టు కింద కూర్చున్నాం. నేల పలకలకు గట్టి నిబంధనలు ఉండి తీరాలని తీర్మానించాం. దాన్ని కాగితం మీద పెట్టే బరువు నా మీద పడింది.

మర్యాదస్తుడు ఎవడైనా పలకల్ని మిద్దె మీద పెట్టుకుంటాడు. 2024లో వచ్చిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఇచ్చేది ఇంటికప్పును నమ్ముకునే. మావాడిది తాతల నాటి పెంకుటిల్లు. పిల్లి నడిస్తేనే నాలుగు పెంకులు జారతాయి, పలక చూస్తే ఒక్కోటి పాతిక కిలోల పైమాటే. "అందుకే దొడ్లో పెట్టాను బావా" అంటాడు, అదేదో జవాబైనట్టు. మిద్దె లేనివాడికి ఎండతో పనేంటి?

మొదటి అభ్యంతరం ఎదురింటి మాస్టారిది. ఊరి అందం చెడిపోతోందట. ఆయన ఆ మాట అంటున్నప్పుడు ఆయన భుజం వెనక నేలటూరు థర్మల్ కేంద్రం పొగగొట్టాలు నిలబడి ఉన్నాయి. అక్కడ ఒక్కో యూనిట్టు 800 మెగావాట్లది. వాటిని అందం చెడగొట్టేవాటిలో కలపకూడదు, అవి ఆకాశంలో భాగం. చిక్కుడు పందిరంత ఎత్తున్న పలకలు మాత్రం కంట్లో నలుసులే.

తర్వాత సిద్ధాంతిగారు. నెల్లూరు 14 డిగ్రీల చిల్లర ఉత్తర అక్షాంశం మీద ఉంది, ఏడాదిలో ఎక్కువ రోజులు మధ్యాహ్నం సూర్యుడు మనకు దక్షిణాన ఉంటాడు, కాబట్టి పలకని అటు దాదాపు అన్నే డిగ్రీలు వాల్చాలి అని బిగించిన కుర్రాడి వాదన. "దక్షిణం యముడి దిక్కు అబ్బయ్యా, ఆ కరెంటుతో దేవుడి గదిలో దీపం ఎట్టా వెలిగిస్తారు?" అన్నారు సిద్ధాంతిగారు. ఈశాన్యానికి తిప్పమన్నారు. కరెంటు తగ్గుతుందన్నాడు కుర్రాడు. శాంతి చేయిస్తే సర్దుకుంటుందన్నారు.

పక్కింటి కొబ్బరిచెట్టు సంగతి కూడా రాసుకున్నాను. ఒక్క మట్ట నీడ పడినా వరసంతటికీ కరెంటు దెబ్బతింటుందట. చెట్టు వయసులో పెద్దది గనక పలకే జరగాలి.

ఇక అసలు విషయం. మావాడు అనుమతి కోసం ఒక ఆఫీసుకు వెళ్లాడు. ఏ ఆఫీసో చెప్పను, మీకు తెలిసినదే.

"నేల మీదా? నాలా అయిందా?" అన్నాడు అక్కడి గుమాస్తా. నాలా అంటే పొలాన్ని వ్యవసాయేతర భూమిగా మార్చుకునే అనుమతి.

"అది పొలం కాదు సార్, గ్రామకంఠంలో దొడ్డి."

"అయితే ఇల్లన్నమాట. ప్లాను చూపించు."

"ఇల్లు కాదు సార్, పలకలు."

"ఇల్లు కాకపోతే వ్యవసాయేతరమే కదయ్యా. నాలా అయిందా?"

ఆ నాలా చట్టం 2006 నాటిది. దాన్ని ఎత్తేస్తున్నామని 2025లో సర్కారే చెప్పింది. చట్టాన్ని ఎత్తేస్తారు సరే, ఆ కుర్చీలో కూర్చుంటే నోటికొచ్చే ప్రశ్నను ఎవరు ఎత్తేస్తారు?

నేనైతే ఆ గుమాస్తాగారి పక్షమే. ఆయన తెలిసి అన్నాడో తెలియకన్నాడో గానీ అందులో లోతైన శాస్త్రం ఉంది. ఎండ చేను మీద పడి మొలగొలుకుల వడ్లైతే వ్యవసాయం. అదే ఎండ పలక మీద పడి మోటరు తిప్పి ఆ చేనుకే నీళ్లు పెడితే వ్యవసాయేతరం. తేడా ఎండలో లేదు, అది దిగే సర్వే నంబరులో ఉంది. కాబట్టి ఉదయించే ముందు ఏయే నంబర్లలో దిగబోతున్నదీ సూర్యుడు వారం రోజుల ముందే అర్జీ పెట్టుకోవాలన్నది నా ముసాయిదాలో మొదటి నిబంధన. ఆదివారాలు ఆఫీసుకు సెలవు గనక ఆయనకూ సెలవే, పైగా ఆయన వారం కూడా.

ఈలోగా తనిఖీకి ఒకాయన వచ్చాడు. మే నెల, మిట్టమధ్యాహ్నం. పలకల కింద నీడలో పెదవ్వ బర్రె కాళ్లు ముడుచుకుని నెమరు వేస్తోంది. పక్కన కుడితి గోలెం, చొప్ప కట్ట. ఆయన బర్రెను చూశాడు, పలకల్ని చూశాడు, చెమట తుడుచుకుని తనూ ఆ నీడలోకే జరిగాడు.

"ఏందిది? గొడ్ల కొట్టమా?"

మావాడు నోరు తెరిచేలోపే పెదవ్వ అందుకుంది. "అవును నాయనా, కొట్టమే. రేకులు కాలిపోతున్నాయని అద్దాలు ఏయించాడు."

కొట్టానికి ప్లాను అడగరు, నాలా అడగరు. ఆయన అట్టే రాసుకుని, మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. నా ముసాయిదా పదకొండు పేజీలు వృథా.

సాయంత్రం బర్రెను తోలుకుపోవడానికి పెదవ్వ వచ్చేసరికి దొడ్డి గేటు దగ్గర మాస్టారు నిలబడి ఉన్నాడు. తనూ నాలుగు పలకలు నేల మీద వేయించుకుందామనుకుంటున్నాడట, తనిఖీ రోజుకు బర్రెను ఒక పూట పంపడానికి ఎంత తీసుకుంటుందని అడుగుతున్నాడు.