తప్పంతా కేలబ్‌దేనా?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ NFLలో షికాగో జట్టు బేర్స్ 2024లో పడ్డ కష్టాలకు, క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపే ఆటగాడు) కేలబ్ విలియమ్స్ బంతిని త్వరగా వదలకపోవడమే కారణమని ఒక వ్యాసంలో రాశారు. అందులో సగమే ఒప్పుకుంటాను. ఆ సీజన్‌లో అతను 68 సార్లు శాక్ అయ్యాడు, అంటే బంతి విసిరేలోపే ప్రత్యర్థులు పడగొట్టారు; అతన్ని కాపాడాల్సిన లైన్ ఆటగాళ్లదీ ఇందులో తప్పుంది. అన్నిసార్లు కిందపడిన కుర్రాడు మొదటి ఏడాదిలోనే 20 టచ్‌డౌన్లు (స్కోరు తెచ్చే పాస్‌లు) విసిరి, ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి చేతికి చిక్కిన పాస్‌లు) 6 దగ్గరే ఆపాడు! సీజన్ మధ్యలో ముందు ఆఫెన్స్ కోఆర్డినేటర్‌ని (దాడి ఆట చూసుకునే కోచ్‌ని), తర్వాత హెడ్ కోచ్‌ని తీసేశారు. కొత్త క్వార్టర్‌బ్యాక్‌కి అది ఎంత టెన్షనో ఆలోచించండి.

షికాగో అభిమానులెవరూ 2017 డ్రాఫ్ట్ (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) మర్చిపోరు. మూడో పిక్ (ఎంచుకునే వంతు) చేతిలో ఉండగా, ఇంకొన్ని పిక్‌లు ఎదురిచ్చి మరీ రెండో స్థానానికి వెళ్లి క్వార్టర్‌బ్యాక్ ట్రుబిస్కీని తీసుకున్నాం. తర్వాత పెద్ద స్టార్ అయిన క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ పదో పిక్‌లో కాన్సస్ సిటీ జట్టుకి వెళ్లాడు. ఆ బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు. 2023లో మాత్రం మొదటి పిక్‌ని కరోలినా జట్టుకి ఇచ్చి, రిసీవర్ (పాస్‌లు అందుకునే ఆటగాడు) డీజే మూర్‌తో పాటు పిక్‌లు కూడా తెచ్చుకున్నాం. కేలబ్ వచ్చింది ఆ బేరంలోంచే. డ్రాఫ్ట్‌లో ఓపిక అంటే అదీ.

2025లో లైన్ కోసం థూనీ, జోనా జాక్సన్, డాల్మన్‌లను తేవడం చాలా నచ్చింది. కానీ ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో పదో పిక్ టైట్ ఎండ్ (పాస్‌లు అందుకుంటూ, అడ్డుకోవడంలోనూ సాయపడే ఆటగాడు) లవ్‌లాండ్‌కి, రెండో రౌండ్‌లో ముందు రిసీవర్ బర్డెన్‌కి పోయింది. లైన్‌లో చివర నిలబడే టాకిల్ ట్రాపిలో వంతు ఆ తర్వాతే వచ్చింది. ముగ్గురూ మంచి ఆటగాళ్లే, నేనైతే ఆ వరుస మార్చి లైన్ ఆటగాణ్ని ముందు తీసుకునేవాణ్ని. ఇకముందైనా లైన్ కోసం డ్రాఫ్ట్‌లో నాలుగు స్థానాలు వెనక్కి జరగాల్సి వస్తే, జరగండి.