సవరణ: శింగనమల చెరువు దగ్గర కనపడింది బ్లాక్ స్టార్క్ కాదు
మొన్న శింగనమల చెరువు గట్టు కింద ఇరవై అడుగుల దూరంలో నిలబడిన పక్షి ఫోటో పెట్టి, బ్లాక్ స్టార్క్ (పొడుగు కాళ్ల పెద్ద కొంగలాంటి నల్ల పక్షి), చలికాలానికి ఉత్తరం నుంచి వలసొచ్చింది అని రాసినా కదా, అది తప్పు, నేనే తొందరపడినా. పక్షులు బాగా తెలిసిన ఒకాయన చెప్పినాడు, పక్షుల్ని గుర్తుపట్టే పుస్తకం (ఫీల్డ్ గైడ్)లో నేనూ సరిచూసుకున్నా, అది వూలీ నెక్డ్ స్టార్క్. బ్లాక్ స్టార్క్‌కి మెడంతా నలుపే, ముక్కూ కాళ్లూ మంచి ఎరుపు. దీనికేమో మెడ దూదిలాగ తెల్లగా, నెత్తిన నల్ల టోపీ పెట్టినట్టు, ముక్కు నలుపు. ఎండకి రెక్కలు మెరుస్తాంటే అదే చూస్తా మెడ సంగతే పట్టించుకోలేదు. ఇంకోటి, ఇది వలసొచ్చేది కాదు, మన దేశంలోనే ఏడాదంతా ఉండి గూళ్లు కట్టుకుంటాది. అయినా ఇంత దగ్గర్నుంచి కనపడడం అరుదే. షేర్ చేసినోళ్లు పేరు మార్చండి, ఫోటో కోసం దగ్గరికి పోయి దాన్ని లేపొద్దండి.